పాత సినిమా ప్రాప్ నకలు కిట్ పుట్టుక తెలుసుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

సినిమాలో కనిపించిన ఆయుధాన్నో, శిరస్త్రాణాన్నో, గుప్పిట్లో ఇమిడే పరికరాన్నో (సినిమాలో వాడే ఇలాంటి వస్తువులనే ప్రాప్‌లంటారు) ఇంట్లో కూర్చుకోవడానికి వీలుగా ముక్కలుగా పోతపోసి అమ్మిన కిట్లు కొన్ని దశాబ్దాలుగా చేతులు మారుతున్నాయి. పెద్ద బొమ్మల కంపెనీలు అచ్చువేసినవాటిని గుర్తించడం కష్టం కాదు. పెట్టె మీదే అన్నీ ఉంటాయి. చిక్కంతా ఒకరిద్దరు మనుషులు షెడ్డులో రెసిన్ (పోశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) కలిపి, పదుల సంఖ్యలో పోసి, అట్టపెట్టెలో పెట్టి టపాలో పంపిన కిట్లతోనే. వాటి మీద చేసినవాడి పేరు ఉండదు, సంవత్సరం ఉండదు, కూర్పు సూచనల కాగితం ఉంటే అదే గొప్ప. అమ్మేవాడు మాత్రం ‘స్టూడియో అచ్చులోంచే తీసినది’ అంటాడు.

ఇలాంటి కిట్ చేతికి వచ్చినప్పుడు అందరూ అడిగే ప్రశ్న ‘ఇది ఏ కాలంది?’ అనేదే. ఆ ప్రశ్నలోనే పొరపాటు ఉంది. ప్రతి కిట్‌కూ మూడు పుట్టుకలు ఉంటాయి. మొదటిది మూలరూపం, అంటే ఎవరో చెక్కిన, కూర్చిన, లేదా అసలు ప్రాప్ నుంచి తీసిన తొలి వస్తువు. రెండోది ఆ మూలరూపం మీద సిలికాన్ రబ్బరు పోసి తీసిన అచ్చు. మూడోది ఆ అచ్చులో పోసిన, ఇప్పుడు మీ బల్ల మీద ఉన్న పోత. ఈ మూడూ ఒకే వారంలో ఒకే మనిషి చేతుల్లో జరిగి ఉండవచ్చు. ఒక్కోదానికీ మధ్య పదిహేనేళ్లూ, ఒక సముద్రమూ ఉండవచ్చు. మీకు దొరికే ప్రతి ఆధారమూ ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని గురించే సాక్ష్యం చెబుతుంది. కాగితం మీది తేదీని మూలరూపానికి అంటగట్టడం, మూలరూపంలోని పాతదనాన్ని పోతకు ఆపాదించడం, ఈ రంగంలో జరిగే తప్పుల్లో ఎక్కువభాగం ఇవే. అందుకని పని మొదలుపెట్టే ముందే నోటుపుస్తకంలో ఒక పేజీని మూడు నిలువు గళ్లుగా గీసుకోండి: మూలరూపం, అచ్చు, పోత. ఏ ఆధారం కనబడినా అది ఏ గడిలోకి వెళుతుందో తేల్చాకే రాయండి.

మొదటి మెట్టు: కడగకండి, అతికించకండి

కిట్ రాగానే సబ్బునీళ్లలో ముంచడం కూర్పరులకు అలవాటు. అచ్చు నుంచి విడివడడానికి పూసిన నూనెపూత పోతే తప్ప రంగు పట్టదు కాబట్టి ఆ అలవాటు సరైనదే. అయితే మూలం తేల్చే దాకా ఆ పని వాయిదా వేయాలి. పెట్టె అడుగున పడిన రెసిన్ పొడి, ముక్కలకు చుట్టిన వార్తాపత్రిక, సంచి మూతికి వేసిన టేపు, చెక్కిన గీతల్లో ఇరుక్కున్న పాత సిలికాన్ తునక, ఇవన్నీ ఆధారాలే. ముక్కలు ఏ వరుసలో, ఏ సంచిలో ఉన్నాయో ఉన్నది ఉన్నట్టుగా ఫోటో తీయండి. తర్వాత ఒక్కో ముక్కనూ నాలుగు వైపుల నుంచీ, పక్కన కొలబద్ద పెట్టి తీయండి. దీపాన్ని పక్కవాటుగా, దాదాపు బల్లకు సమాంతరంగా ఉంచితే నేరుగా పడే వెలుతురులో కనబడని గీతలూ, అరిగిపోయిన అక్షరాలూ పైకి లేస్తాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. రెసిన్‌ను గీకినా, రుద్దినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, పాత తెల్లలోహపు పోతల్లో సీసం ఉండవచ్చు. మాస్కు, చేతితొడుగులు వాడండి. పదార్థం ఏమిటో చూడడానికి ముక్కను వెలిగించి వాసన చూసే పాత పద్ధతిని పూర్తిగా మానేయండి. పాలీయురేథేన్ కాలితే వచ్చే పొగ విషపూరితం.

రెండో మెట్టు: కాగితాలు, పెట్టె

కాగితం సాక్ష్యం తేలికగా చదవవచ్చు, తేలికగా మోసమూ చేస్తుంది. కూర్పు సూచనల పత్రాన్ని కిట్‌తో పాటు ప్రతిసారీ జిరాక్స్ తీస్తారు కాబట్టి అందులోని వివరాలు ఆ పత్రం తొలిసారి రాసిన కాలాన్ని చెబుతాయే తప్ప మీ పోత కాలాన్ని చెప్పవు. అయినా పత్రం ‘ఇంతకంటే ముందు కాదు’ అనే హద్దును మాత్రం గట్టిగా గీస్తుంది.

అన్నిటికంటే నమ్మదగినవి చిరునామాలూ, ఫోన్ నంబర్లూ. అవి ప్రభుత్వాల, టెలిఫోన్ సంస్థల నిర్ణయాల వల్ల నిర్దిష్టమైన రోజున మారాయి కాబట్టి ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడనవసరం లేదు. అమెరికాలో ఐదంకెల జిప్ కోడ్ 1963 జులైలో వచ్చింది. దానికి మరో నాలుగంకెలు చేర్చిన రూపం 1983 నుంచి ఉంది. లండన్ ఫోన్ కోడ్ 1990 మే 6 దాకా 01. ఆ రోజున అది 071, 081గా విడిపోయింది. 1995 ఏప్రిల్ 16న ముందు ఒకటి చేరి 0171, 0181 అయింది. 2000 ఏప్రిల్‌లో రెండూ కలిసి 020 అయ్యాయి. టోక్యో నంబర్లకు 1991 జనవరి 1 నుంచి ఎనిమిది అంకెలు వచ్చాయి, జపాన్ పిన్‌కోడ్ 1998 ఫిబ్రవరి 2న ఏడంకెలకు పెరిగింది. ఈ తేదీలు గుర్తుంటే చాలా కిట్ల పత్రాలను చిరునామా చూసి ఐదారేళ్ల వ్యవధిలోకి కుదించవచ్చు.

అక్షరాల తీరు తర్వాతది. టైపురైటర్ అక్షరాలు, వంకరగా రుద్ది అతికించిన శీర్షికలు, చేత్తో గీసిన బొమ్మలు 1970, 80లలో మామూలు. లేజర్ ప్రింటర్లు బల్ల మీదికి వచ్చింది 1984, 85లలో. కామిక్ శాన్స్ అనే ఖతి 1990ల నడిమి దాకా లేనే లేదు, కాలిబ్రి 2007లో ఆఫీసు సాఫ్ట్‌వేర్‌తో పాటుగా విస్తరించింది. ‘1982 నాటి అసలు సూచనల పత్రం’ అంటూ కాలిబ్రి అక్షరాల కాగితం చేతికిస్తే నవ్వి ఊరుకోవడమే. అతినీలలోహిత దీపం కింద కాగితం నీలంగా మెరిస్తే కొత్తదని కొందరు తేల్చేస్తారు. కాగితానికి ఆ మెరుపునిచ్చే రసాయనాలు 1950ల నుంచే వాడుకలో ఉన్నాయి కాబట్టి మన కాలపు కిట్లకు ఆ పరీక్ష పనికిరాదు.

కాపీరైట్ గుర్తు పక్కన ఉన్న సంవత్సరం దగ్గర చాలామంది బోల్తాపడతారు. అది సినిమా హక్కుల సంవత్సరం. కిట్ తయారైన సంవత్సరం కాదు. 1977 అని చెక్కిన ముక్క 1997లో పోసినదైనా కావచ్చు. గుర్తు లేకపోవడం కూడా దేనికీ రుజువు కాదు: అనుమతి లేకుండా చేసినవాళ్లు ఎలాగూ వేయరు, అమెరికాలో 1989 మార్చి నుంచి ఆ గుర్తు తప్పనిసరి కూడా కాదు.

జపాన్ కిట్లలో ఒక ప్రత్యేక ఆధారం దొరుకుతుంది. 1980ల మధ్యలో జనరల్ ప్రొడక్ట్స్ సంస్థ మొదలుపెట్టి, 1992లో కైయోదో అనే బొమ్మల కంపెనీ చేతికి వెళ్లిన వండర్ ఫెస్టివల్ అనే కిట్ల సంతలో హక్కుదారులు ఔత్సాహికులకు ఆ ఒక్క రోజుకే, ఆ ఒక్క చోటికే చెల్లే అమ్మకపు అనుమతి ఇచ్చే పద్ధతి ఉంది. అలాంటి కిట్ పెట్టె మీద హక్కుదారు ఇచ్చిన చిన్న ముద్రకాగితం అతికించి ఉండవచ్చు. అది ఉంటే కిట్ పుట్టిన రోజునే పట్టుకునే అవకాశం ఉంది గనుక పెట్టె మూలల్ని, లోపలి మడతల్ని కూడా వదలకుండా చూడాలి.

మూడో మెట్టు: పదార్థం

ముక్క ఏ పదార్థమో తెలిస్తే దాన్ని చేసినవాడి వసతి తెలుస్తుంది. ఒకే మందంతో, పలుచని చట్రానికి అతుక్కుని వచ్చే గట్టి ప్లాస్టిక్ ముక్కలు ఉక్కు అచ్చులో ఒత్తినవి. ఆ అచ్చుకు పెద్ద పెట్టుబడి కావాలి కాబట్టి దాని వెనక కంపెనీ ఉన్నట్టే. లోపల గాజునారు కనబడే, బరువుకు మించిన గట్టిదనం ఉన్న పెంకు ఫైబర్‌గ్లాస్. దాన్ని కోసిన చోట ఏళ్ల తర్వాత కూడా స్టైరీన్ అనే రసాయనపు ఘాటు తగులుతుంది. వేడిచేసిన ప్లాస్టిక్ రేకును అచ్చు మీదికి గాలి లాగి సాగదీసినది వాక్యూం ఫార్మింగ్. సాగిన చోట రేకు పలచబడుతుంది, మూలలు మొద్దుగా వస్తాయి, వెనకవైపు గుల్లగా ఉంటుంది. మిగిలినది, షెడ్డు కిట్లలో సింహభాగం, పాలీయురేథేన్ రెసిన్.

రెసిన్ రంగు గురించి వాదనలు చాలా జరుగుతాయి. తెల్లరెసిన్ వెలుతురు తగిలి పాత దంతంలా పసుపెక్కుతుంది, నిజమే. కానీ ఎంతకాలానికి ఎంత అన్నది దాని మిశ్రమాన్ని బట్టి, నిలవ ఉంచిన చోటును బట్టి మారిపోతుంది గనుక పసుపును చూసి సంవత్సరం చెప్పడం కుదరదు. అది ఒక్క విషయంలోనే ఉపయోగం. కూర్పులో దాగిపోయే చోట సూదిమొనతో వెంట్రుకవాసి గీత గీయండి. సహజంగా వచ్చిన పసుపు పైపొరలోనే ఉండి లోపల లేత రంగు కనబడుతుంది. పెట్టెలో పైకి ఉన్న వైపు ఎక్కువ, అడుగువైపు తక్కువ ఉంటుంది. అన్ని వైపులా, గుంటల్లోనూ ఒకే మోతాదులో పసుపుంటే రంగు కలిపి పోశారనో, పాతదానిలా కనబడేందుకు పూశారనో అనుమానించాలి.

భూతద్దంలో ఉపరితలం మీద సన్నని సమాంతర మెట్లు, సమోన్నత రేఖల పటంలా, వంపుల వెంట కనబడితే మూలరూపం త్రీడీ ప్రింటర్ నుంచి వచ్చినది కావచ్చు. ప్రింటింగ్ సాంకేతికత 1980ల నుంచి ఉన్నా, ఔత్సాహికుల ఇళ్లలోకి ఆ యంత్రాలు విరివిగా వచ్చింది 2010 ప్రాంతాల్లో. పోత రెసిన్‌దే అయినా మెట్ల గుర్తులు మూలరూపం గడిలోకి వెళతాయన్నది మరవకండి.

నాలుగో మెట్టు: అచ్చు మిగిల్చిన గుర్తులు

ఈ మెట్టు దగ్గర తొందరపడకూడదు. నా మట్టుకు నేను మిగతా పరీక్షలన్నిటికీ కలిపి పెట్టినంత సమయం దీనికే పెడతాను, ఎందుకంటే కాగితం అబద్ధమాడవచ్చు, అమ్మినవాడు అబద్ధమాడవచ్చు, అచ్చుకు మాత్రం అబద్ధమాడడం చేతకాదు.

మొదట అతుకుగీతను వెతకండి. రెండు సగాల అచ్చు కలిసిన చోట ముక్క చుట్టూ సన్నని గట్టు మిగులుతుంది. అది వస్తువు అంచుల వెంట తెలివిగా దాక్కుని ఉంటే అచ్చు తీసినవాడు అనుభవజ్ఞుడు. అలంకరణ మధ్యలోంచి అడ్డంగా పోతే కొత్తవాడు, లేదా మూలరూపం తనది కానివాడు. రెసిన్ పోసిన చోట మిగిలే మొండి, గాలి పోవడానికి వదిలిన సన్నని పుల్లలు ఎక్కడెక్కడ ఉన్నాయో బొమ్మ గీసుకోండి. ఒకే మనిషి తన కిట్లన్నిటిలోనూ ఒకే రకంగా దారులు పెడతాడు. రెండు వేర్వేరు ప్రాప్‌ల కిట్లు ఒకే చేతిలోంచి వచ్చాయని తేల్చడానికి ఇది దస్తూరీ పోల్చినంత బలమైన ఆధారం. ఒకే ముక్కపై పక్కపక్కనే రెండు అతుకుగీతలు కనబడి, వాటిలో ఒకటి పదునుగా, మరొకటి రుద్ది చదును చేసిన నీడలా ఉంటే, ఆ నీడ అంతకుముందరి అచ్చుది. అంటే మీ ముక్కకు మూలరూపంగా వాడినది వేరొకరి పోత. దీన్నే ఈ రంగంలో రీకాస్ట్ అంటారు.

ఇక బుడగలు. వీటిని చదవడం వస్తే సగం పని అయినట్టే. సిలికాన్ పోసేటప్పుడు మూలరూపానికి ఆనుకుని గాలిబుడగ చిక్కితే అచ్చు గోడలో చిన్న గుంట ఏర్పడుతుంది. ఆ అచ్చులో పోసిన ప్రతి ముక్క మీదా ఆ చోట ఆవగింజంత బుడిపె లేస్తుంది. రెసిన్ పోసేటప్పుడు బుడగ చిక్కితే అందుకు విరుద్ధంగా గుంట పడుతుంది, అదీ ఆ ఒక్క పోతలోనే. కాబట్టి బుడిపె అచ్చు గడిలోకి, గుంట పోత గడిలోకి వెళతాయి. రెండు కిట్లలో ఒకే చోట ఒకే బుడిపె ఉంటే రెండూ ఒక అచ్చు పిల్లలు, లేదా ఒకటి మరొకదాని వంశంలోది. రెండు కిట్లలో ఒకే చోట ఒకే గుంట ఉంటే వ్యవహారం వేరు: ఒక్క పోతకే పరిమితం కావలసిన లోపం రెండింటిలో కనబడిందంటే, ఆ లోపమున్న పోతను మూలరూపంగా పెట్టి ఎవరో కొత్త అచ్చు తీశారన్నమాట.

గుంటల్లోనూ తేడా తెలుస్తుంది. సొంత బుడగ వల్ల పడిన గుంటకు మూతి చిన్నది, లోపల పొట్ట పెద్దది, అంచు బ్లేడులా పలచన; సూదిమొన లోపలికి పోయి పక్కకు తిరుగుతుంది. నకలైన గుంటలో సిలికాన్ దూరి బయటికి వచ్చి ఉండాలి కనుక మూతి వెడల్పుగా, అడుగు నునుపుగా, లోతు తక్కువగా ఉంటుంది.

నా దగ్గరున్న ఒక కిట్ సంగతి చెబుతాను. 1982లో వచ్చిన ‘బ్లేడ్ రన్నర్’ కథానాయకుడి పిస్తోలు నకలు, పద్నాలుగు రెసిన్ ముక్కలు, ఒక జిరాక్స్ కాగితం. అమ్మిన వ్యక్తి అది 1983 నాటిదన్నాడు. పిడి లోపలివైపు, కూర్చాక కనబడని చోట, ఒక బుడిపె ఉంది. మిత్రుడి కిట్‌లోనూ అదే చోట అదే బుడిపె. అక్కడి దాకా సంతోషమే. కానీ నా ముక్కలో గొట్టం కింద నునుపైన చిన్న గుంట ఒకటి ఉంది, మిత్రుడి దాంట్లో లేదు. ఏడాది తర్వాత ఒక వేలంపాట ఫోటోలో మూడో కిట్‌కు సరిగ్గా అక్కడే ఆ గుంట కనబడింది. మిత్రుడి కిట్ తొలి అచ్చు పిల్ల, నాదీ ఆ మూడోదీ ఆ అచ్చులోని ఒక లోపభూయిష్టమైన పోతకు పుట్టిన మనవలు. గోరు కొన మీద పట్టేంత గుంట చెప్పిన వంశవృక్షం ఇది.

ఐదో మెట్టు: కొలతలు

బుడగల ఊహను కొలతలు నిర్ధారిస్తాయి, లేదా కొట్టేస్తాయి. రెసిన్ గట్టిపడేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది. కొన్ని రకాల సిలికాన్ అచ్చులు కూడా కాలం గడిచేకొద్దీ తగ్గుతాయి. పాలీయురేథేన్‌లో ఈ తరుగు మామూలుగా ఒక శాతం లోపే అయినా తరం తరానికీ పేరుకుంటుంది. తరానికి అర శాతం అనుకుంటే 200 మిల్లీమీటర్ల ముక్క మొదటి నకలులో 199, రెండో నకలులో 198, మూడో నకలులో 197 అవుతుంది. కంటికి ఆనదు, వెర్నియర్ కాలిపర్‌కు ఆనుతుంది.

పొడవు, వెడల్పు, మందం మూడు దిక్కుల్లోనూ, ప్రతి కొలతనూ మూడుసార్లు తీసి సగటు రాయండి. పోల్చేటప్పుడు తేడాను చూడకండి, నిష్పత్తిని చూడండి. నా కిట్‌లో పొడవైన ముక్క 202.2 మిల్లీమీటర్లు, మిత్రుడిది 203.4, పిడి వెడల్పు నాది 60.6, అతనిది 61.0, మందం 34.0కు 34.2. మూడు చోట్లా నాది దాదాపు 0.6 శాతం చిన్నది. అన్ని దిక్కుల్లో ఒకే నిష్పత్తిలో తగ్గితే అది రీకాస్ట్ లక్షణం. ఒక దిక్కులో పెద్దది, మరో దిక్కులో చిన్నది అయితే మూలరూపమే వేరు, లేదా ముక్క వంగిపోయింది. సన్నని పొడవాటి ముక్కలు వేడికి వంగుతాయి కనుక వాటి కొలతను నమ్మి తీర్పు చెప్పకూడదు. పోల్చడానికి రెండో కిట్ దొరకకపోతే తర్వాతి మెట్టులో చెప్పబోయే అసలు భాగాలతో పోల్చవచ్చు.

ఆరో మెట్టు: మూలరూపం చేసినవాడికి ఏం తెలుసు?

సినిమా ప్రాప్‌లలో చాలావాటిని శూన్యం నుంచి చెక్కలేదు, బజారులో దొరికిన వస్తువులకు మార్పులు చేసి కూర్చారు. 1977 నాటి ‘స్టార్ వార్స్’లో ల్యూక్ కాంతిఖడ్గం పిడి, గ్రాఫ్లెక్స్ అనే అమెరికా కంపెనీ కెమెరా ఫ్లాష్ పిడే; లండన్‌లోని ఒక ఫోటో సామగ్రి దుకాణంలో ఆ సినిమా సెట్లను అలంకరించిన రోజర్ క్రిస్టియన్‌కు అది దొరికింది. తెల్ల కవచాలు తొడిగిన స్టార్మ్‌ట్రూపర్ సైనికుల తుపాకి స్టెర్లింగ్ సబ్‌మెషీన్ గన్, హాన్ సోలో పిస్తోలు మౌజర్ సి96. నేను చెప్పిన బ్లేడ్ రన్నర్ పిస్తోలులో స్టైర్ మాన్లిషర్ రైఫిల్ యంత్రభాగమూ, చార్టర్ ఆర్మ్స్ బుల్‌డాగ్ రివాల్వరూ కలిసి ఉన్నాయి. ఇవి కర్మాగారాల్లో తయారైనవి కనుక వాటి కొలతలు స్థిరం. మీ కిట్‌లోని భాగాన్ని అసలు వస్తువుతో పోలిస్తే అది దాని మీదనే తీసిన అచ్చా, ఫోటోలు చూసి చెక్కిందా అన్నది తేలుతుంది. అసలు కంటే కొద్దిగా, అన్ని దిక్కుల్లో సమానంగా చిన్నదైతే అచ్చు తీశారు. మరల (స్క్రూల) తలలు, కర్మాగార ముద్రలు సుమారుగా మాత్రమే ఉంటే చెక్కారు.

చెక్కినదైతే తప్పుల్ని వెతకండి. తప్పులే సంతకాలు. తెర మీద ఎప్పుడూ కనబడని వైపును మూలరూపం చేసినవాడు ఊహించి నింపుతాడు. ఆ ఊహ అతనొక్కడిదే. ఆ తప్పు మరో కిట్‌లో కనబడితే రెండింటికీ చుట్టరికం ఉంది. తప్పు కాలాన్ని కూడా చెబుతుంది. బ్లేడ్ రన్నర్ అసలు పిస్తోలు 2006లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభల్లో ప్రదర్శనకు వచ్చింది. దగ్గరి ఫోటోలు విరివిగా దొరికింది ఆ తర్వాతే. అంతకుముందరి మూలరూపాల్లో తెర బొమ్మల నుంచి ఊహించిన వివరాలుంటాయి, తర్వాతివాటిలో మరలతో సహా సరిపోలుతుంది. అందుకే, వినడానికి విడ్డూరంగా ఉన్నా, కిట్ మరీ సరిగ్గా ఉండడం దాని పాతదనానికి వ్యతిరేక సాక్ష్యం.

తుపాకి రకం కిట్లలో ఇంకో మెలిక. నిజమైన మౌజర్ మీద అచ్చు తీసే వీలు అందరికీ ఉండదు కాబట్టి జపాన్ మోడల్ గన్ల (గుళ్లు పేల్చలేని నకలు తుపాకుల) మీద తీసినవారున్నారు. 1977 చట్టసవరణ తర్వాత జపాన్‌లో లోహపు మోడల్ గన్ల మీద ఎస్ఎంజీ (‘సేఫ్టీ మోడల్ గన్’) ముద్ర వచ్చింది. రుద్ది చెరిపినా పక్కవాటు వెలుతురులో దాని జాడ కొన్నిసార్లు మిగులుతుంది. అలాగే అమెరికాలో 1989 మే 5 నుంచి బొమ్మ తుపాకుల గొట్టం చివర నారింజరంగు గుర్తు తప్పనిసరి అయింది. బొమ్మ తుపాకినే మూలంగా వాడిన కిట్‌లో గొట్టం చివర కోసి అతికించిన గీత కనబడితే, ఆ రంగు మూతను తీసేసిన గుర్తేమోనని ఆలోచించాలి. పోలికలున్న నకళ్లను బహిరంగ ప్రదేశాల్లోకి తీసుకెళ్లవద్దని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

ఏడో మెట్టు: మనుషులూ, మాటలూ

ఆధారాలన్నీ గళ్లలోకి ఎక్కాకే జనాన్ని అడగాలి. ముందే అడిగితే విన్న కథ కళ్లకు గంతలు కడుతుంది. 1976లో మొదలైన స్టార్‌లాగ్, 1980లో మొదలైన సినీఫెక్స్ వంటి పత్రికల పాత సంచికల్లో చివరి పేజీల చిన్న ప్రకటనలు తిరగేయండి; ప్రకటనలోని టపాపెట్టె చిరునామా మీ కాగితంతో కలిస్తే దానంత గట్టి ఆధారం లేదు. ప్రకటన తేదీ కిట్ అమ్మకానికి వచ్చిన తేదీ, అంతే. అమ్మకం ఎన్నేళ్లు సాగిందో అది చెప్పదు.

‘అసలు అచ్చు’ అన్న మాట వినగానే ‘మూడింటిలో ఏది?’ అని అడగండి. స్టార్ వార్స్ స్టార్మ్‌ట్రూపర్ల తెల్ల శిరస్త్రాణం దీనికి మంచి ఉదాహరణ. రాల్ఫ్ మెక్‌క్వారీ చిత్రాలు గీశాడు. వాటిని చూసి నిక్ పెంబర్టన్ మట్టి నమూనా చేశాడు. దాని ఆధారంగా ఆండ్రూ ఎయిన్స్‌వర్త్ వాక్యూం ఫార్మింగ్‌లో శిరస్త్రాణాలు తయారుచేశాడు. తర్వాతి కాలంలో ఎయిన్స్‌వర్త్ నకళ్లు అమ్మడంతో లూకస్‌ఫిల్మ్ దావా వేసింది; ఆ శిరస్త్రాణం శిల్పం కాదని, సినిమాలో వాడే వస్తువేనని, కనుక శిల్పానికుండే కాపీరైట్ దానికి లేదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2011 జులైలో తీర్పునిచ్చింది. ఒక్క శిరస్త్రాణానికి ముగ్గురు మనుషులు, మూడు దశలు, చివరికి న్యాయస్థానం దాకా వెళ్లిన వివాదం ఉన్నప్పుడు, పేరులేని కిట్‌కు ‘అసలు’ అన్న ఒక్క ముక్క ఏం సరిపోతుంది?

ఆఖరి మెట్టు: చీటీ రాయడం

తేలినదాన్ని పెట్టెలోనే ఉంచేలా చీటీ రాయండి. ప్రతి వాక్యంలోనూ కంటితో చూసినదేది, కొలిచినదేది, ఊహించినదేది అన్నది విడిగా తెలియాలి. తేదీని ఒక సంవత్సరంగా కాక రెండు హద్దుల మధ్య కాలంగా రాయాలి. తేలని గడిని ఖాళీగా వదిలేయండి, తర్వాతివాడు నింపుతాడు.

నా పిస్తోలు పెట్టెలోని చీటీ ఇలా ఉంది: ‘మూలరూపం: తెర బొమ్మలు చూసి చెక్కినది, కుడివైపు మరలు ఊహించినవి, కనుక 2006కు ముందుది కావచ్చు. తొలి అచ్చు: పిడి లోపల బుడిపె ఉన్నది, మిత్రుడి కిట్ దీని పోతే. ఈ పోత: ఆ అచ్చు పోత మీద తీసిన రెండో అచ్చులోది, గొట్టం కింద నకలైన గుంట, కొలతల్లో 0.6 శాతం తరుగు. కాగితం: 0171 కోడ్ ఉన్న లండన్ నంబర్, కనుక 1995 ఏప్రిల్, 2000 ఏప్రిల్ మధ్య రాసినది; ఈ పోతతోనే వచ్చిందో, తర్వాత చేర్చారో తెలియదు. 1983 అన్నది అమ్మినవారి మాట.’